కాపలా ఉన్నవారికి పెద్ద నిద్ర లేదు

7వ తేదీ, ఆదివారం

ఇవాళ్టి ఆటలో ఒకే ఒక్క పోట్లాట. అది కాగానే పడుకుంటామన్నారు.

గుహలోకి దిగి పట్టుమని పది బారలు నడవలేదు, గబ్బిలాల గుంపు ఎదురైంది. వట్టి గబ్బిలాలు. పళ్ళ డాక్టరు తన మాంత్రికుడి చేత అగ్నిగోళం వేయించాడు. అది చాలదన్నట్టు ఇంకోటి. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అని పెద్దలు ఊరికే అనలేదు, ఈయన పుడతాడని తెలిసే అన్నారు. వేసేసి కుర్చీలో వెనక్కి వాలి, "గేటుగారూ, నా మంత్రాలైపోయాయి. పెద్ద నిద్ర వేసేద్దామా?" అన్నాడు, తరవాతి పేషెంటుని లోపలికి పిలిచినంత తేలిగ్గా.

మా బల్ల దగ్గర విశ్రాంతి రెండు రకాలు. కాసేపు కూలబడి కట్లు కట్టుకుని నీళ్ళు తాగితే అది కునుకు. ఒంట్లోకి కొంచెం సత్తువ వస్తుంది గానీ మంత్రాలు రావు. రాత్రంతా పడుకుంటే పెద్ద నిద్ర. తెల్లారేసరికి గాయాలు మానతాయి, ఖర్చయిన మంత్రాలన్నీ తిరిగి చేతికొస్తాయి. పుస్తకంలో వాటికి ఏవో పేర్లున్నాయి, మా నోళ్ళకి ఇవే తిరిగాయి. నేను కథ నడుపుతుంటే వాళ్ళు తలా ఒక పాత్రై పాచికలేసి ఆడే ఈ ఆటలో కత్తులూ రాక్షసులూ పైపై సంగతులు. అసలు ఆటంతా ఉన్నదాన్ని ఎంత పొదుపుగా వాడుకుంటావన్నదే. ఈ మాట నేను ఏడాదిగా చెబుతున్నాను. గోడకి చెప్పినా ఈపాటికి తల ఊపేది.

డాక్టరు ఒక రకం. మీటరు రీడరు ఇంకో రకం. ఆటలో ఆయన దొంగ. సంచీ నిండా మందు సీసాలు. ఒక్క గుక్క తాగిస్తే పడిపోయినవాడు లేచి కూర్చుంటాడు. ఇంతవరకూ ఒక్కదాని మూత తియ్యలేదు. "ముందు ముందు పెద్ద రాక్షసుడు వస్తాడు కదండీ" అంటాడు. చిన్నవాళ్ళందరి చేతా తన్నులు తింటూ పెద్దవాడి కోసం ఎదురుచూస్తున్నాడు.

పడుకోవాలంటే ఎవరో ఒకరు కాపలా ఉండాలి. ఇక్కడ పుస్తకంలో మెత్తటి నిబంధన ఒకటుంది. తలా రెండు గంటలు కాపలా పంచుకుంటే అందరికీ పూర్తి నిద్ర కిందే లెక్కట. అది పిల్లకాయల కోసం రాసింది. నేను కొట్టేశాను. నా బల్ల దగ్గర కాపలా ఉన్నవారికి పెద్ద నిద్ర లేదు. రైలు గేటు కాపలా చేసినవాణ్ణి, నాకా చెప్పేది.

"కాపలా ఎవరు?" అని అడిగాను.

డాక్టరు ఫ్యాను చూశాడు. మీటరు రీడరు కళ్ళజోడు తుడుచుకున్నాడు. తమ్ముడు ఎడంచేత్తో పాచికలు పేర్చుకుంటున్నాడు. పక్షవాతం వచ్చినప్పట్నుంచి వాడి కుడిచెయ్యి ఒళ్ళోనే ఉంటుంది. ఆటలో మాత్రం రెండు చేతుల్తో కత్తి తిప్పే వీరుడు.

"నేనుంటాలెండి" అంది మరదలు, తమ్ముడి భార్య.

ఎప్పుడూ తనే అంటుంది. ఆటలో ఆమె వైద్యురాలు. అందువల్ల తెల్లారాక అందరికీ మంత్రాలు తిరిగొచ్చాయి, ఆమెకి తప్ప.

8వ తేదీ, సోమవారం

డాక్టరు ఇవాళ వీధిలో కనబడి ఆ రెండు గంటల నిబంధన పెట్టమని సణిగాడు. ఎక్కడ చదివాడో. మీరు కాపలా ఉంటారా అంటే, "మాంత్రికుడికి నిద్ర ముఖ్యం కదండీ" అన్నాడు.

ఈ ఆట పుస్తకం నాకు పాత పుస్తకాల బండి మీద దొరికింది. అట్ట మీద డ్రాగన్. వంటల పుస్తకాల మధ్య ఇరుక్కుని ఉంది. నేను బడిలో చదివింది తక్కువ, గేటు కేబిన్‌లో చదివింది ఎక్కువ. ఒక బండికీ ఇంకో బండికీ మధ్య ఏది దొరికితే అది చదివేవాణ్ణి. పశువైద్యం, జ్యోతిషం, న్యాయశాస్త్రం మూడో సంపుటం ఒక్కటి. అందుకే నాకు ఆస్తి తగాదాలు మధ్యలోంచి తెలుసు. ఈ డ్రాగన్ పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక వేసవంతా చదివాను.

గేటు పనిలో తిట్లే గానీ మెప్పు ఉండదు. గేటు వేస్తే లారీవాడు అమ్మనీ అక్కనీ వరసపెట్టి పలకరిస్తాడు. తీస్తే చూడకుండా పోతాడు. ఆ ఉద్యోగంలో ఒక్కటే వేదం: రిలీవరు రానిదే గేటు వదలరాదు. ఒకసారి నా తరవాత డ్యూటీకి రావాల్సిన రిలీవరు రాలేదు. అతని డ్యూటీ కూడా నేనే కూర్చున్నాను. వాన, ఉరుములు, రెప్ప వాలలేదు. ఈ కథ విననివాళ్ళు ఈ వీధిలో లేరు. మరదలికైతే కంఠతా వచ్చు, నేను దగ్గు వచ్చి ఆగితే అందిస్తుంది.

ఆ తరవాత నాకు రెండు రోజులు సెలవిచ్చారు. ఆ ముక్క సాధారణంగా చెప్పను. కథకి బలం తగ్గుతుంది.

10వ తేదీ, బుధవారం

నేనుండే పై వాటా నుంచి తమ్ముడివాళ్ళ కింది వాటాకి దిగుతుంటే మరదలు మెట్ల మీద కూర్చుని గోడకి తల ఆనించి ఉంది. పక్కన తడిబట్టల బకెట్టు. ఏమ్మా అన్నాను. ఉలిక్కిపడి, "ఏం లేదు బావగారూ, కునుకు" అంది. నవ్వుతూనే అంది.

కునుకుతో మంత్రాలు రావు అన్నాను నేను. మంచి సమయానికి మంచి మాట తట్టడం నాకు చిన్నప్పట్నుంచీ ఉంది.

14వ తేదీ, ఆదివారం

ఇవాళ వంతెన దగ్గర మకాం. మళ్ళీ ఆమే కాపలా. కాపలా ఉన్నవాళ్ళు పాచిక వెయ్యాలి, తక్కువ పడితే కునికినట్టు. ఇరవై ముఖాల పాచిక మీద ఆమెకి మూడు పడింది. ఇంకేముంది, నక్కల్ని పంపించాను. తిండి మూటలు మొత్తం ఎత్తుకుపోయాయి.

"కళ్ళు తెరుచుకుని కూర్చోడం కూడా చేతకాదుటే నీకు?" అన్నాడు తమ్ముడు.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

తరవాత వంతెన మీద జరిగిన పోట్లాటలో ఆమె దగ్గర గాయం మాన్పే మంత్రాలు సగమే ఉన్నాయి. డాక్టరు విసుక్కున్నాడు. "అమ్మా, మీరు కాస్త ముందే చూసుకోవాలి. వైద్యం చేసేవాళ్ళే ఖాళీ చేతుల్తో వస్తే ఎలా?" పళ్ళు పీకే మనిషికి ఆ సంగతి తెలియాలి మరి. నేను తీర్పరిని కనక ఏమీ అనలేదు.

టీ గ్లాసులు తీస్తూ మరదలు నన్ను అడిగింది. "బావగారూ, ఆ రెండు గంటల రూలు పెట్టెయ్యకూడదూ?"

"పెడితే ఆట చప్పబడిపోతుందమ్మా."

"ఎవరికి?" అంది.

ఆట నియమాల మీద ఆడవాళ్ళకి ఓపిక తక్కువ.

15వ తేదీ, సోమవారం

మరదలు పొద్దున్నే పైకొచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాలేదు. ఆమె యూనిఫారాలు కుట్టే చోట పనిచేస్తుంది. శుక్రవారం మిషను మీదే తల వాల్చేసిందట. తొక్కుడు ఆగలేదట. సూది చొక్కా మీదుగా పోయి తన సొంత కొంగుని కూడా కలిపి కుట్టేసిందట. "వేలు కుట్టుకోలేదు, అదృష్టం" అని నవ్వబోయింది. అక్కడి డాక్టరు గట్టిగా చెప్పాడట, రాత్రి నిద్ర లేకపోతే ఈసారి పడేది మిషను మీద కాదని.

తమ్ముణ్ణి రాత్రిళ్ళు పక్కకి తిప్పుతుండాలి, లేకపోతే వీపు పుండ్లు పడుతుంది. బాత్రూముకి లేపాలి. వాడికేదైనా కావాలంటే గ్లాసు మీద చెంచాతో కొడతాడు.

"వారంలో రెండు రాత్రులు మీరు కింద పడుకుంటారా, బావగారూ? రెండంటే రెండే."

నా నడుం సంగతి అందరికీ తెలిసిందే. ఆమెకీ తెలుసు. అదే చెప్పాను.

"సరేలెండి" అంది.

ఆలోచిస్తాననే అన్నాను. కాదనలేదు. ఇది గుర్తుంచుకోవాలి, నేను కాదనలేదు.

17వ తేదీ, బుధవారం

నడుం నొప్పి నిజంగానే ఎక్కువగా ఉంది. సైకిలు మీద లైబ్రరీకి వెళ్ళి వచ్చాక మరీ.

21వ తేదీ, ఆదివారం

కోపంగా ఉన్నాను. ఉన్నదున్నట్టు రాస్తాను.

రాతి మనుషులతో యుద్ధం. నేను బాగా అల్లిన ఘట్టం, నెల రోజుల నుంచి దాచుకున్నది. తమ్ముడి వీరుడు ముందుకురికి పడిపోయాడు. అందరి వంతులూ మూడుసార్లు తిరిగేలోగా ఎవరో ఒకరు లేపాలి, లేకపోతే పోయినట్టే. మరదలి దగ్గర ఒకే ఒక్క మంత్రం మిగిలి ఉంది.

"వెయ్యవే" అన్నాడు తమ్ముడు.

"వెయ్యను" అంది.

అందరం ఆమె వైపు చూశాం.

"నేను పడుకుంటున్నాను" అంది. "గోడ పక్కన జాగా ఉందన్నారుగా బావగారు. దుప్పటి పరుచుకున్నాను."

"యుద్ధం మధ్యలోనా?" అన్నాడు డాక్టరు.

"యుద్ధం ఎప్పుడు లేదు గనక?"

ఇలా కుదరదమ్మా అన్నాను. "ఏ రూలు?" అని అడిగింది. నిజానికి అలాంటి రూలు లేదు. యుద్ధం నడుస్తుంటే పడుకోకూడదని ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాదని పుస్తకం రాసినవాళ్ళు అనుకుని ఉంటారు.

తమ్ముడు మొహం ఎర్రబడింది. "ఆటే కదే. ఒక్క మంత్రం. నోటితో ఒక్క మాట అంటే చాలు కదా."

"ఆటే కదండీ" అంది ఆమె. "ఆయన సంచీలో సీసాలున్నాయిగా. ఒక్క మూత తియ్యమనండి."

మీటరు రీడరు తన ముందున్న కాగితాన్ని చేత్తో కప్పుకున్నాడు, ఎవరో లాక్కుపోతారన్నట్టు. "అవి పెద్ద రాక్షసుడికండీ" అన్నాడు నెమ్మదిగా.

డాక్టరు తన వంతుకి అగ్నిగోళం వేశాడు. రాతికి నిప్పు అంటదు. వంతులు మూడుసార్లూ తిరిగాయి. వీరుడు పోయాడు. తమ్ముడు ఎడంచేత్తో పాచికల్ని గోడకేసి కొట్టాడు. ఒకటి బీరువా కిందికి పోయింది, ఇంకా దొరకలేదు.

మరదలు తన పాచికల్ని తనే కుట్టుకున్న చిన్న గుడ్డసంచిలో వేసుకుని, మూతి బిగించి లేచింది. టీ గ్లాసులు బల్ల మీదే ఉండిపోయాయి. వాటిని అలా చూడటం ఇదే మొదటిసారి.

22వ తేదీ, సోమవారం

వెళ్ళిపోయింది. వాళ్ళక్క ఇంటికి. ఒక్క సంచీ.

నేను పాలు తెచ్చుకుందామని కిందికి దిగేసరికి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది, చెప్పులేసుకుని. లేచి నన్ను లోపలికి తీసుకెళ్ళింది. పొద్దుటి మాత్రలు ఇవి, రాత్రివి ఇవి. దిండు ఇలా పెట్టాలి, మడమ కింద ఇది. లేపేటప్పుడు చంకల కింద చేతులు వెయ్యాలి, చెయ్యి పట్టుకుని లాగకూడదు. గేటు దగ్గర డ్యూటీ అప్పజెప్పేటప్పుడు మేమూ ఇలాగే చెప్పుకునేవాళ్ళం, లాంతరులో నూనె ఎంతుంది, ఏ బండి ఆలస్యం అని. తమ్ముడు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. తిరిగాడని రాస్తున్నాను గానీ, తిప్పింది ఆమే అయ్యుంటుంది.

"ఇంత పొద్దున్నే ఎందుకు కూర్చున్నావమ్మా ఇక్కడ?"

"రిలీవరు రానిదే గేటు వదలకూడదన్నారుగా. మీరు దిగేదాకా కూర్చున్నాను."

"ఎప్పుడొస్తావు?"

"మీరు రెండు డ్యూటీలు చేస్తే రెండు రోజులు సెలవిచ్చారట కదా. మీ తమ్ముడు చెప్పారు." సంచీ భుజానికి తగిలించుకుంది. "నావెన్ని డ్యూటీలో మీరే చూసి చెప్పండి."

తమ్ముడికి నోరు ఆగదు. చిన్నప్పట్నుంచీ అంతే.

23వ తేదీ, మంగళవారం

మనిషి ఇంత బరువుంటాడని తెలియదు.

24వ తేదీ, బుధవారం

చెంచా.

25వ తేదీ, గురువారం

ఆ చెంచా చప్పుడు నాకు పైకి వినపడేది. సన్నగా, దూరంగా. గోడ అవతల ఎవరింట్లోనో అనుకునేవాణ్ణి. లేదా అలా అనుకోవడానికి వీలుగా ఉండేది. దగ్గరుండి వింటే గట్టిగానే ఉంది.

పళ్ళ డాక్టరుకి ఫోను చేశాను. రాత్రి రెండు గంటలు, వారానికి ఒక్కసారి వచ్చి కూర్చోగలరా అని. "అయ్యో గేటుగారూ, పొద్దున్నే క్లినిక్ కదా. చెయ్యి వణికితే పన్ను బదులు నాలుక పోతుంది" అన్నాడు. ఎవరినైనా మనిషిని పెట్టుకోమని సలహా ఇచ్చాడు. సలహాలకి ఆయన దగ్గర లోటు లేదు, ఎన్నిసార్లు వేసినా అయిపోవు.

మీటరు రీడరు ఎత్తగానే, "నేను దొంగనండీ, కాపలాకి నన్ను నమ్ముతారా?" అన్నాడు. నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వాక ఇద్దరం ఫోను పెట్టేశాం.

మరదలి చుట్టాలు ఇంత మంచివాళ్ళని ఎప్పుడూ అనుకోలేదు, ఇన్ని రోజులు ఉంచుకుంటున్నారంటే.

27వ తేదీ, శనివారం

తమ్ముడికి గెడ్డం గీశాను. చెంప లోపలికి పోయింది, బ్లేడు ఆనటం లేదు. నాన్నకి గీసినట్టే ఉందిరా అన్నాను. "నాన్నకి నువ్వెప్పుడు గీశావు, నేను కదా గీసింది" అన్నాడు. ఏమో, నాకు గుర్తు లేదు.

కాసేపయ్యాక, "అన్నయ్యా, నా వీరుడు చచ్చిపోయినందుకు కాదు నా కోపం" అన్నాడు.

"మరి?"

"పడుకుంటానన్నప్పుడు దాని మొహం చూశావా? అది ఆడలేదు. దానికి నిజంగా నిద్ర వస్తోంది."

సబ్బు ఆరిపోతోందని చెప్పి మిగతా చెంప గీశాను. ఒకచోట తెగింది. ఒక్క మాటయినా తిడతాడేమోనని చూశాను.

28వ తేదీ, ఆదివారం

వచ్చారు. ఇద్దరూ. ఏమీ జరగనట్టు బిస్కెట్ల పొట్లం పట్టుకుని వచ్చారు. టీ ఎవరు పెడతారని ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, చివరికి నీళ్ళు తాగారు.

"వైద్యురాలి బదులు కథలో ఎవరినైనా కూలికి పెట్టెయ్యండి" అన్నాడు డాక్టరు. తమ్ముడు కొత్త మనిషిని తయారుచేసుకోలేదు. చూస్తూ కూర్చుంటానన్నాడు.

ఆడించాను. ఎలా ఆడించానో తెలియదు. సొరంగం వర్ణిస్తూ మధ్యలో ఆగిపోయానట. మీటరు రీడరు నా మోచెయ్యి తట్టి, "సొరంగంలో ఏముందండీ?" అన్నాడు. మంచం అన్నానట.

యథాప్రకారం ఒక పోట్లాట కాగానే పెద్ద నిద్ర కావాలన్నారు. కాపలా ఎవరు అని అడిగాను. ఇద్దరూ ఖాళీ కుర్చీ వైపు చూశారు. చూసి, చూడనట్టు తలలు తిప్పుకున్నారు.

సరే, పుస్తకంలో రూలే పెడుతున్నాను అన్నాను. తలా రెండు గంటలు. అందరికీ పూర్తి నిద్ర.

"అదేదో ముందే పెట్టొచ్చుగా" అన్నాడు డాక్టరు. "నేను మొదటి జాము ఉంటా."

"నేను రెండోది" అన్నాడు మీటరు రీడరు.

ఆటలో ఎంత తొందరగా ఒప్పుకుంటారో మనుషులు.

"మరి ఇంట్లో?" అన్నాను.

డాక్టరు గడియారం చూసుకున్నాడు. పేషెంటు ఉన్నాడట, ఆదివారం పూట. మీటరు రీడరు బిస్కెట్ల పొట్లం మూతి మడిచి, "ఇవి తమ్ముడుగారికి ఉంచండి" అన్నాడు. తెరిచినవాటిలో మిగిలినవి నాలుగు. ఆయన జన్మలో మొదటిసారి సంచీలోంచి ఏదో తీశాడు.

వాళ్ళు వెళ్ళాక గ్లాసులు నేనే కడిగాను. నీళ్ళ గ్లాసులే, పెద్ద పనేం కాదు.

30వ తేదీ, మంగళవారం

మరదలికి ఫోను చేశాను.

"నిద్ర పడుతోందా అమ్మా?"

"పడుతోంది బావగారూ." గొంతు వేరేగా ఉంది. ఎవరో చిన్నపిల్ల ఎత్తిందనుకున్నాను మొదట. "ఆయన వీపు ఎలా ఉంది?"

ఎర్రబడిందని చెప్పలేదు. బాగుందన్నాను.

"రూలు మార్చానమ్మా" అన్నాను.

"ఏ రూలు?"

"రెండు గంటలది. కాపలా పంచుకోవచ్చు ఇక."

ఫోను కట్టయిందేమో అని చూసుకున్నాను.

"మీ నడుం ఎలా ఉంది?" అంది.

ఫరవాలేదన్నాను. ఆ మాట ఇంత సులభంగా నోటికెలా వచ్చిందో.

3వ తేదీ, శుక్రవారం

ఇవాళ తమ్ముణ్ణి తిప్పాను, లేపాను, పడుకోబెట్టాను. మధ్యాహ్నం పుస్తకం తీసి ఆ నిబంధన మళ్ళీ చదివాను. నేను గీసిన గీత చాలా దట్టంగా ఉంది, ఎర్ర సిరాతో. కింద అక్షరాలు కనపడాలంటే కాగితాన్ని వెలుతురుకి పట్టుకోవాలి.

5వ తేదీ, ఆదివారం

మరదలు వచ్చింది. సరిగ్గా ఆట మొదలయ్యే వేళకి, చేతిలో పాచికల గుడ్డసంచి ఒక్కటే. మొహం నిండింది. కళ్ళ కింద నలుపు పోయింది. ఆ నలుపు పుట్టుకతో వచ్చిందనుకునేవాణ్ణి.

"బట్టల సంచీ ఏదమ్మా?"

"తేలేదు."

"మరి?"

"రూలు మారిందన్నారుగా, చూసి వెళ్దామని."

తమ్ముడు ఆమె వైపు చూసి, బల్ల వైపు చూసి, "బీరువా కింద నా పాచిక ఉండిపోయింది" అన్నాడు. రెండు వారాల తరవాత పెళ్ళాంతో అన్న మొదటి మాట అది. ఆమె వంగి తీయలేదు. తన సంచిలోంచి ఒకటి తీసి వాడి ఎడంచేతి పక్కన పెట్టింది.

ఆమె వైద్యురాలిగా ఆడనంది. కత్తి పట్టే మనిషిని రాసుకుని వచ్చింది, ఒక కాగితం మీద, కుట్టుపని చేసేవాళ్ళ సన్న రాతతో. "మరి గాయాలు ఎవరు చూస్తారండీ?" అని డాక్టరు అడిగితే, "మీరు డాక్టరే కదండీ" అంది. మీటరు రీడరు ఇవాళ ఒక సీసా మూత తీశాడు. తనకే తాగించుకున్నాడు.

ఆట బాగా నడిచింది. ఆమె ముందుండి కొట్టింది. ఏడాది పొడుగునా వెనకాల నిలబడి చూసినందుకేమో, ఎక్కడ కొట్టాలో తెలుసు. సాయంత్రం అవుతుండగా గుహ చివరికి చేరారు. అలవాటుగా నోరు తెరిచాను, అడగబోయాను.

ఇంతలో చెంచా.

తమ్ముడు బల్ల దగ్గర మా మధ్యే కూర్చుని ఉన్నాడు. ఎవరి వైపూ చూడలేదు. నోటితో అడగడం ఎప్పుడో మానేశాడు, గ్లాసు మీద కొట్టాడంతే, రెండుసార్లు. బాత్రూముకి.

డాక్టరు ఫ్యాను చూశాడు. మీటరు రీడరు కళ్ళజోడు తీశాడు. తరవాత ఇద్దరూ మరదలి వైపు చూశారు. నేను కూడా చూశాను. అది కూడా అలవాటే.

ఆమె పాచికల్ని ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది. తల ఎత్తలేదు.

"కాపలా ఎవరు?" అంది.

నేను లేచాను. నడుం కలుక్కుమంది. ఈసారి నిజంగానే.